ముయ్యి పిల్లలు

మిరపకాయల కోతలు మొదలైతే మా ఊళ్ళో తెల్లవారడం కోడికూతతో కాదు, టెంపో హారన్‌తో. బళ్ళారి దగ్గరి మోక నుంచి వచ్చే రోడ్డు మా ఊళ్ళోకి తిరిగే మూలమీద నా కుట్టుమిషన్ ఉంది. కూలికి పోయే ఆడవాళ్ళంతా చీకటితోనే సద్ది గిన్నెలు పట్టుకొని అక్కడికి చేరతారు. టెంపో వచ్చేదాకా నా అరుగే వాళ్ళకు కూర్చునే చోటు. ఆ అరుగు మీదే, గోడకు ఆనించి, బడివాళ్ళు పక్కన పడేసిన ఒక పాత నల్లబోర్డు ఉంది. దాని పైన సున్నంతో పెద్దగా ‘బడి వార్తలు’ అని రాసింది నేనే.

నేను బడికి పోయింది ఏడో తరగతి దాకానే. ఆ తరువాత చదివిందంతా మా పంచాయితీ గ్రంథాలయంలో. ఒకే గది, రెండు బీరువాలు, కాళ్ళు ఊగే బల్ల ఒకటి. అక్కడున్న తెలుగు పుస్తకాలన్నీ అయిపోయాక, కన్నడ పేపరు ముందు పెట్టుకొని అక్షరం అక్షరం పోల్చుకుంటూ కన్నడం కూడా నేర్చుకున్నాను. లైనింగు గుడ్డ, దారం ఉండలు కొనడానికి బళ్ళారి బజారుకు పోయినప్పుడల్లా పని తొందరగా ముగించి అక్కడి పెద్ద గ్రంథాలయంలో కూర్చుంటాను. షాపు శెట్టిగారు నవ్వుతుంటారు, ‘గుడ్డ కొనేకి వస్తావా, బుక్కులు చదివేకి వస్తావా తల్లీ’ అని. రెండింటికీ అని చెబుతాను. నా చదువుకు సర్టిఫికెట్ లేదు. కానీ నన్ను ఏదైనా అడిగి చూడండి.

అరుగు మీద పేపరు చదివి వినిపించడం నాకు ఎప్పటినుంచో అలవాటు. బంగారం ధర, వాన కబురు, ఎక్కడ ఏ బస్సు బోల్తా పడిందో, ఇవి వింటూ ఆడవాళ్ళు టెంపో కోసం చూసేవాళ్ళు. మా తెలుగు బడికి కొత్తగా వచ్చిన పెద్ద మేడమ్, టెంపో ఆలస్యమైన ఒక పొద్దున బస్సు దిగి, అరుగు ముందు నిలబడి అంతా విన్నది. ఆమె బళ్ళారి కంటోన్మెంట్‌లో ఉండేది. మొదటి బస్సుకే వచ్చేది. అందరూ టెంపో ఎక్కి పోయాక నా దగ్గరికి వచ్చింది.

“ఊరూరి వార్తలూ చదువుతున్నారు గదమ్మా. మన బడి వార్తలు కూడా చదవరాదా?”

“బడిలో వార్తలేముంటాయి మేడమ్?” అన్నాను.

“రోజూ ఉంటాయి. చూసేవాళ్ళు లేరు, అంతే.”

మరుసటి రోజు నుంచి సాయంత్రం ఇంటికి పోయే ముందు ఆమె ఆగి నాకు ఒకటి రెండు మాటలు చెప్పి పోయేది. నేను బోర్డు మీద రాసేదాన్ని, తెల్లవారుజామున చదివేదాన్ని. ఆమె పెట్టిన షరతు ఒక్కటే: పిల్లల పేర్లు రాయకూడదు. ఒకరి పేరు రాస్తే పక్కవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని. ఆ షరతు వల్లనే ఆ వార్తలకు అంత గిరాకీ వచ్చిందని నాకు తరువాత అర్థమయింది.

“రెండో తరగతి పాప ఒకతె నిన్న గోడ గడియారం చూసి, ఎవరూ చెప్పకుండా, టైము సరిగ్గా చెప్పింది” అని చదివాననుకోండి.

“యెవురి పాపక్కా?”

“పేరు లేదు.”

“మాదే అయింటాది. అది శానా చురుకు.”

“నీ దానికి ఇంగా చీమిడి తుడుచుకునేదే రాదు, గడియారం చూస్తాదంట!”

“చూడక్కా, ఎట్ల అంటాండాదో. ఓర్వలేనిది.”

టెంపో కదిలి మూల తిరిగేదాకా ఆ వాదం వినబడుతుండేది. రాత్రి ఇంటికి పోయి ప్రతి తల్లీ తన బిడ్డను గడియారం ముందు నిలబెట్టి ఉంటుందని నేను ఒట్టేసి చెప్పగలను. బడిగడప తొక్కని ఆడవాళ్ళకు బడిలో ఏం జరుగుతుందో తెలియాలన్న ఆశ పుట్టించింది ఆ మేడమ్. అందుకోసం ఆమె ఒక్క మీటింగు పెట్టలేదు, ఎవరినీ గద్దించలేదు.

ఆ కూలి గుంపును కట్టి నడిపించే ఆమెను మేమంతా మేస్త్రమ్మ అంటాం. ఏ రైతు చేనికి ఎంతమంది పోవాలి, ఎవరు ఏ సాలు, అంటే ఏ మొక్కల వరుస, పట్టాలి అన్నీ ఆమె మాటే. గొంతు టెంపో హారన్ కంటే పెద్దది. బడి అభివృద్ధి కమిటీకి అధ్యక్షురాలు కూడా ఆమే. ఎందుకంటే ఊళ్ళో ఆమె మాట కాదనేవాళ్ళు లేరు, మనవరాలు మూడో తరగతిలో ఉంది. నేను కూడా ఆ కమిటీలో సభ్యురాలిని. ఒకసారి కమిటీ కూర్చున్నప్పుడు, గ్రంథాలయంలో పత్రికలో చదివిన సంగతి ఆమెకు చెప్పాను. దూరదేశాల్లో కొన్ని బడులు ఉంటాయట, డబ్బు సర్కారుది, నడిపేది మాత్రం ఆ ఊరివాళ్ళే, పిల్లలకు చదువు రాకపోతే జవాబు చెప్పాల్సిందీ వాళ్ళే, చార్టర్ బడులంటారు అని.

మేస్త్రమ్మ ఆకు నములుతూ విని, “మాకూ కమిటీ ఉండాది గదా. సంతకం పెట్టేకి, టీ తాగేకి” అంది.

అందరం నవ్వాం. మేడమ్ కూడా నవ్వింది. కానీ ఆ మాట ఆమె మరిచిపోలేదు. తరువాత ప్రతి కమిటీలోనూ టీ వచ్చే ముందు మమ్మల్ని తరగతుల్లోకి తీసుకుపోయి వెనక బెంచీల్లో కూర్చోబెట్టేది. “ముందు చూడండి, తరువాత తాగండి” అనేది.

అయితే కోతల కాలం ఎవరి మాటా వినదు. మొగవాళ్ళలో సగం మంది కుడతిని కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి తెల్లవారకముందే పోతారు. ఆడవాళ్ళు టెంపో ఎక్కుతారు. బడి తెరిచేది ఎండ వచ్చాక. మధ్యలో పిల్లలను ఎవరు చూడాలి? అందుకని తల్లులు వాళ్ళనూ టెంపోలో వేసుకొని పోతారు. చేనుకు పోయిన పిల్ల ఊరికే ఉండదు, నాలుగు కాయలు కోస్తుంది. మేడమ్ మొదటి బస్సుకు వచ్చి బడి ముందుగానే తెరిచినా, ఆ బస్సు కంటే టెంపోనే ముందు.

ఆ ఏడు కోతలు జోరుగా ఉన్నప్పుడే కబురు వచ్చింది. పిల్లలు తక్కువగా ఉన్న బడులను పక్కనున్న పెద్ద బడుల్లో కలుపుతున్నారు, మన బడిని చూడడానికి అధికారి వస్తున్నాడు అని. కలిపితే మా పిల్లలు పోవాల్సింది పెద్ద రోడ్డు అవతల ఊరికి. ఆ రోడ్డు మీద ఖనిజం లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు పోతుంటాయి. పెద్దవాళ్ళమే చెంగు బిగించి పరుగెత్తి దాటుతాం. ఆ రోడ్డు దాటించి ఆడపిల్లలను ఎవరూ పంపరు. బడి మూస్తే వాళ్ళంతా మిరప చేనికే, ఇక ఎప్పటికీ. ఈ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పనక్కర లేదు. ఆ పొద్దు అరుగు మీద బంగారం ధర ఎవరూ అడగలేదు.

“ఎన్ని తలకాయలు ఉంటే ఇడిసిపెడతాడంట?” మేస్త్రమ్మ అడిగింది.

“తలకాయలు కావు, బెంచీల మీద పిల్లలు ఉండాలి. ఆయన వచ్చే ఒక్కరోజు అందరూ ఆగితే?” అన్నాను.

“ఈ వారం కాయ కోయకుంటే పండి రాలిపోతాది. రైతుకు మాటిచ్చినా. నువ్వు సుమ్నె, గమ్మున ఉండక్కా, నేను చూసుకుంటా.”

ఆమె ఎలా చూసుకుంటుందో నాకు తెలియదు. మేడమ్‌కు అసలే తెలియదు.

ఇక్కడ ముయ్యి సంగతి చెప్పాలి. మా వైపు కూలి డబ్బుతో పనిలేకుండా చేసుకునే పనులు కొన్ని ఉంటాయి. ఈ రోజు నీ చేనికి నేను వస్తాను, రేపు నా చేనికి నువ్వు రావాలి. అదే ముయ్యి. అలా వచ్చినవాళ్ళు ముయ్యాళ్ళు. పెళ్ళికి పెట్టే చదివింపులు కూడా ముయ్యే. తిరిగి ఇచ్చేదాకా మనసుకు నిద్ర పట్టదు. మా ఊళ్ళో ఎవరినైనా దొంగ అనవచ్చు గానీ, ముయ్యి ఎగ్గొట్టినావు అంటే తల ఎత్తుకోలేరు.

అధికారి వచ్చే పొద్దున నేను బడికి పోయేసరికి తరగతులు నిండుగా ఉన్నాయి. అన్ని బెంచీలూ నిండి, కొందరు నేల మీద కూడా కూర్చున్నారు. తలలకు నూనె, జడలకు కనకాంబరాలు. నాకు ముందు సంతోషమే కలిగింది. తరువాత చూస్తే సగం మొహాలు నేను ఎప్పుడూ చూసినవి కావు. మేస్త్రమ్మ వాకిట్లో నిలబడి ఉంది, చేను పని తన చెల్లెలికి అప్పజెప్పి వచ్చిందట.

“ఎవరు వీళ్ళు?” అని గుసగుసగా అడిగాను.

“నా ఆడబిడ్డ ఊరోళ్ళు. వాళ్ళ బడికి ఈ పొద్దు లీవు. టెంపోలో దింపిచ్చినా. మన పిల్లోల్లు చేన్లో ఉండారు, వాళ్ళ చేతులూ లేకుంటే ఈ వారం కోత తేలదు.” ఆమె మొహంలో ఏ కొంచెమైనా దాపరికం ఉంటే నాకు అనుమానం వచ్చేది. లేదు. పెళ్ళిపనులన్నీ సర్దిపెట్టిన పెద్దముత్తైదువలాగా ఉంది.

మేడమ్ అప్పుడే అధికారిని వెంటబెట్టుకొని లోపలికి వచ్చింది. ఆయన కన్నడాయన, వయసులో చిన్నవాడే, మర్యాదస్తుడు. నిండిన బెంచీలు చూసి, “చెన్నాగిదె మేడమ్” అన్నాడు, బాగుందని. మేడమ్ నిలబడిపోయింది. ఒక్కొక్క వరుసా చూసింది. వాకిట్లో నుంచి మేస్త్రమ్మ కళ్ళతోనే చెబుతోంది, ఊరకుండు, ఊరకుండు అని. ఆయన చేతిలో కలం మూత తీసి ఉంది. ఆమె ఏమీ అనకుండా ఉంటే చాలు, బడి నిలిచిపోయేది. మా అందరికీ తెలుసు. ఆమెకు మాకంటే బాగా తెలుసు.

“సార్, వీళ్ళలో చానామంది నా పిల్లలు కారు” అంది మేడమ్.

అధికారి ఆమె వైపు, పిల్లల వైపు మార్చి మార్చి చూశాడు. “మత్తె, నిమ్మ మక్కళు ఎల్లి?” మరి మీ పిల్లలు ఎక్కడ అని అడిగాడు.

“మిరప చేలో ఉంటారు సార్.”

“అంటే ఇది మోసం గదా మేడమ్?” ఈసారి తెలుగులోనే అన్నాడు.

మేడమ్ నోరు తెరిచేలోపే మేస్త్రమ్మ లోపలికి దూసుకొచ్చింది. “మోసమేందప్పా? ఏమి మాటలాడతాండావు? ఇది ముయ్యి. ఈ పొద్దు వాళ్ళు మాకు వచ్చినారు. వచ్చే వారం నువ్వు వాళ్ళ బడి చూసేకి పోతావు గదా, ఆ పొద్దు మావాళ్ళు ఆడికి పోతారు. ఒక్క పిల్లోడు తక్కువ కాకుండా పంపిస్తా. యెవురి ముయ్యీ ఎగ్గొట్టే రకం కాదు నేను!”

నేను తల పట్టుకున్నాను. ఒక బడిని కాపాడబోయి రెండు బడుల గుట్టూ ఆయన చేతిలో పెట్టింది. అధికారి కోపం తెచ్చుకోవాలని చూశాడు, నవ్వు వచ్చింది. రెంటినీ ఆపుకోలేక దగ్గాడు.

మేడమ్ ముందు వంటామెను పిలిచి, వచ్చిన పిల్లలందరికీ బిసియూట, అదే, బడిలో పెట్టే వేడి భోజనం, కడుపునిండా పెట్టి పంపమంది. “వాళ్ళేం తప్పు చేశారు, పాపం. పిలిస్తే వచ్చారు” అంది. తరువాత అధికారి వైపు తిరిగింది.

“ఎలాగూ ఇంతదూరం వచ్చారు సార్. నా పిల్లలను చూసి పొండి. చేను దగ్గరే.”

మేస్త్రమ్మ టెంపోను రప్పించింది. డ్రైవరు పక్క సీటును తన చెంగుతో తుడిచి, “కూసో సార్, వానలో వచ్చినా దుమ్ములో వచ్చినా ఇదే మా కారు” అంది. వెనక మేము ముగ్గురం. దారిలో మేస్త్రమ్మ ఆపుకోలేక, “నోరు మూసుకొని ఉంటే ఏం పోయింటాది మేడమ్మా?” అంది.

“ఆ పిల్లలు సాయంత్రానికి వెళ్ళిపోతారు. మీ మనవరాలు ఎల్లుండి కూడా చేలోనే ఉంటుంది. బెంచీ లెక్కకు నిండితే నాకేం లాభం?” అంది మేడమ్, మెల్లగా.

చేను చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. మిరప ఘాటుకు అధికారికి తుమ్ములు మొదలయ్యాయి. ఆడవాళ్ళంతా మొహాలకు గుడ్డలు కట్టుకొని సాళ్ళలో వంగి ఉన్నారు. వాళ్ళ మధ్య చిన్న తలలు ఎక్కడున్నాయో నాకు కనబడలేదు. మేడమ్ గట్టు మీద నిలబడింది. చేతిలో పుస్తకం లేదు, కాగితం లేదు. రోజూ తరగతిలో పిలిచినట్టే ఒక్కొక్క పేరూ పిలవడం మొదలుపెట్టింది.

మొదటి పేరుకు జవాబు రాలేదు. రెండోసారి పిలిచింది. దూరంగా ఒక సాలు చివర నుంచి, “ఎస్ మేడమ్!” అని సన్నని గొంతు. గుడ్డ కట్టుకున్న ఒక చిన్న తల పైకి లేచింది. తరువాత ఇంకో పేరు. ఇంకో తల. ఒక్కో పేరుకూ ఆ పచ్చని చేలో ఎక్కడో ఒకచోట కదలిక పుట్టేది, ఆకులు ఊగేవి, మొహానికి గుడ్డతో ఒక పిల్ల నిలబడేది. మొదటి తరగతి నుంచి చివరి తరగతి దాకా ఆమె ఎక్కడా తడబడలేదు. నేను ఎన్ని పుస్తకాలు చదివి ఎన్ని సంగతులు గుర్తుపెట్టుకున్నానో అని గర్వపడే మనిషిని. ఆ రోజు ఆ గట్టు మీద నాకు ఆమె పక్కన నిలబడినందుకే గర్వంగా ఉండింది.

అధికారి మేస్త్రమ్మ మనవరాలిని దగ్గరికి పిలిచాడు. తన కలం, ఒక కాగితం ఇచ్చి ఏదైనా రాయమన్నాడు. ఆ పిల్ల కలం పట్టుకోలేదు. చేతులు వెనక దాచుకుంది.

“రాయడం రాదా?” అన్నాడు.

“వస్తాది సార్. చేతులు మండుతాండాయి. నోటితో చెప్తా.”

నోటితోనే చెప్పింది. పదమూడో ఎక్కం, మధ్యలో ఊపిరి తీసుకోకుండా. దాని తరువాత, ఎవరూ అడగకపోయినా, రాయచూరు నుంచి బళ్ళారి దాకా ఏ ఊరి తరువాత ఏ ఊరు వస్తుందో కూడా. అధికారి ఆ పిల్ల చేతులు ముందుకు చాపమన్నాడు. వేళ్ళన్నీ ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. మేస్త్రమ్మ ఆ చేతులను రోజూ చూసేదే. తన చేతులూ అలాగే ఉంటాయి గనుక ఎన్నడూ పట్టించుకోలేదు. ఆ పొద్దు మాత్రం మజ్జిగ చెంబు తెచ్చి మనవరాలి చేతుల మీద పోసింది.

పోయే ముందు అధికారి మేడమ్‌తో అన్న మాట నాకు గుర్తుంది. “నేను చూసిందే రాస్తాను. పిల్లలు ఉన్నారు, చదువు ఉంది. బెంచీల మీద మాత్రం లేరు. కోతలు అయిపోయేలోపల మళ్ళీ వస్తాను. ఈసారి చెప్పి రాను.”

మరుసటి తెల్లవారుజామున ఆడవాళ్ళు అరుగు మీదికి చేరారు. నేను బోర్డు మీద ఏమీ రాయలేదు, ఏం రాయాలో తోచక. టెంపో వచ్చింది. మేస్త్రమ్మ టెంపో తలుపుకు అడ్డంగా నిలబడింది.

“బడి పిల్లోల్లు యెవురూ ఎక్కకూడదు. దిగండి.”

“వీళ్ళను యాడ ఇడిసేది పెద్దమ్మా? బడి తలుపు తీసేకి ఇంగా శానా సేపు ఉండాది” అని ఒకామె గొంతు లేపింది.

“ఈడనే. అరుగు మీద. రోజుకు ఒక ఆడమనిషి వీళ్ళ కాడ ఆగాల. సద్ది పెట్టి, మొహాలు కడిగి, మేడమ్మ బస్సు దిగినాక అప్పజెప్పి రావాల. ఆ మనిషి సాలు మిగిలినోళ్ళమంతా కోస్తాం. ఆమె బుట్ట ఆమెకే నింపుతాం. రేపు ఇంకొకామె. ముయ్యి! ఈ పొద్దు మొదటి వంతు నాది.”

“నీ సాలు మేము కోసేది! నువ్వు పట్టేది రెండు సాళ్ళు గదా పెద్దమ్మా” అని ఎవరో అన్నారు.

“అందుకే చెప్తాండా, నడుములు వంచి పని చెయ్యండి ఒక్క పొద్దన్నా” అంది మేస్త్రమ్మ. టెంపో నవ్వులతో కదిలింది.

గుంపును నడిపించే మనిషి కోతల కాలంలో చేనికి పోకుండా నా అరుగు మీద కూర్చొని పిల్లల జడలు అల్లడం ఆ రోజే చూశాను. మేడమ్ బస్సు దిగి, ఆ వరుసను చూసి, రోడ్డు మధ్యలోనే ఆగిపోయింది. మేస్త్రమ్మ తల ఎత్తకుండా, “మీ పిల్లోల్లు. లెక్క చూసుకోండి మేడమ్మా” అంది.

అందరూ మారారని చెప్పను. ఒక కుటుంబం పిల్లలతో సహా గుంటూరు వైపు కోతలకు పోయింది, ఉగాది దాటాక గానీ రాలేదు. ఒకామె తన వంతు రోజున నిద్రపోయింది, మరుసటి రోజు టెంపోలో ఆమె తిన్న తిట్లు నేను ఇక్కడ రాయలేను. కానీ అధికారి అన్నట్టే, చెప్పకుండా వచ్చాడు. వచ్చేసరికి బెంచీల మీద మా పిల్లలే ఉన్నారు, కనకాంబరాలు లేకుండా, కొందరు ముక్కులు కారుతూ. మా బడి ఆ ఏడు కలపలేదు. వచ్చే ఏడు మళ్ళీ చూస్తారట. చూడనీ.

అధికారి రెండోసారి వచ్చి పోయిన సాయంత్రం బోర్డు మీద నేను వార్త రాస్తుంటే కోతల నుంచి దిగిన ఆడవాళ్ళు చుట్టూ చేరారు. నేను కూడా వంతు పట్టుకుంటానని, తెల్లవారి నా మిషన్ ఆపి పిల్లలను చూస్తానని అన్నాను.

“పట్టు. అయితే ముయ్యి ఎట్ల తీర్చేది నీకు? నీకు సాలు లేదు, బుట్ట లేదు” అంది మేస్త్రమ్మ.

“నీ వంతు పొద్దు నీ మిషన్ మేము తొక్కుతాం లేక్కా” అంది ఒకామె.

“తొక్కితే ఆ రవికె వేసుకునేది యెవురే?” అంది ఇంకొకతె.

చాలాసేపు నవ్వి, చివరికి తేల్చింది మేస్త్రమ్మే. నా వంతు రోజున వాళ్ళు పని నుంచి వచ్చాక, ఒక్కొక్కరు ఒక్కో వార్త బోర్డు మీద చదవాలి. చదవడం రాకపోతే వాళ్ళ పిల్లలు పక్కన నిలబడి చెప్పాలి. మొదటి సాయంత్రం మేస్త్రమ్మ తన మనవరాలి వేలు పట్టుకొని, ఆ వేలినే అక్షరాల కింద జరుపుతూ, ‘బ’ దగ్గర ఆగి, ‘డి’ దగ్గర ఆగి, తన పెద్ద గొంతును ఎప్పుడూ లేనంత చిన్నది చేసుకొని చదివింది. ఆ పిల్ల వేళ్ళకు మంట ఎప్పుడో తగ్గిపోయింది.